ఏప్రిల్ ముప్పై ఒకటి

ఆఫీసులో ఆమెను అందరూ పేచీ మేడమ్ అనేవారు. పేచీ పెట్టడమే ఆమె ఉద్యోగం మరి. పాత జనన మరణ రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించే ప్రోగ్రాం ఒకటి అక్కడ తయారవుతోంది. తేదీ ఎంత అడ్డదిడ్డంగా రాసి ఉన్నా చదివి అర్థం చేసుకోవడం దాని పని. దాన్ని బోల్తా కొట్టించడం ఈమె పని. పదమూడో నెల, సున్నా తారీఖు, ఫిబ్రవరి ముప్పై, తేదీ ఉండాల్సిన చోట ఇంటి నంబరు... పొద్దుట్నుంచి ఇలాంటివే ఇస్తూ కూర్చునేది. ప్రతిదానికీ తెరమీద "చెల్లదు" అని రావాలి. రాకపోతే ప్రోగ్రామర్‌కి ఆ పూట అన్నం సహించదు.

పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "వచ్చిన ప్రతి సంబంధాన్నీ చెల్లదనేశాను, చేతికి అలవాటైపోయింది" అని నవ్వేసేది. ఇంట్లో తనూ, తల్లీ. గడియారాలు బాగుచేసే తండ్రి పోయి చాలా ఏళ్లయింది.

ఆ మంగళవారం మధ్యాహ్నం "ఏప్రిల్ 31" అని కొట్టింది. చెల్లదని రాలేదు. ప్రోగ్రాం కిక్కురుమనకుండా దాన్ని మే ఒకటిగా మార్చేసుకుంది.

"దొరికావులే" అనుకుంది. ఇది నిజం రికార్డుల్లో ఎన్నిచోట్ల కొంప ముంచిందో చూద్దామని, పరీక్ష కోసం ఎక్కించిన పాత పేజీలన్నీ వెతికించింది. ఒక్కటే తేలింది.

ఆడపిల్ల. తండ్రి వృత్తి: గడియారాలు బాగుచేయడం. తల్లి పేరు తన తల్లిదే. సంవత్సరం తను పుట్టినదే. పిల్ల పేరు కూడా తనదే.

కానీ తను పుట్టింది మే ఒకటిన. ఆ వరస పక్కనే ప్రోగ్రాం ఎర్ర అక్షరాల్లో రాసుకుంది: "ఒకే వ్యక్తి రెండుసార్లు నమోదు. రెండోది తొలగించడమైనది." మిగిల్చిన మొదటి వరసలో చివరి గడి: "మృతి".

తన పేరూ, పుట్టినరోజూ కొట్టి చూసింది. "ఈ వ్యక్తి జీవించి లేరు." ఒకసారి తన వేళ్లకేసి చూసుకుని మళ్లీ కొట్టింది. అదే జవాబు.

"అన్నయ్యా, ఒకసారి ఇలా రండి."

ప్రోగ్రామర్ వచ్చి చూశాడు. "మీ పేరే! భలే తమాషాగా ఉందే" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. రిజిస్టరు పేజీ ఫొటో తెరిచారు. గుమాస్తాది గుండ్రటి దస్తూరి. "ఏప్రిల్ 31" అని నింపాదిగా రాశాడు, కొట్టివేత లేదు. కింది వరసలో అదే పేరు, మే 1.

సెలవు చెప్పి ఇంటికి వెళ్లిపోయింది. తల్లి దుప్పట్లు మడతపెడుతోంది.

"అమ్మా, నాకంటే ముందు ఎవరైనా పుట్టారా?"

"ఎవరు చెప్పారే?"

"ఆఫీసులో కనిపించింది."

"కనిపించిందా?" తల్లి గొంతు తగ్గిపోయింది. "ఎలా ఉంది?"

"రిజిస్టర్లో పేరమ్మా. పేరు కనిపించింది."

తల్లి దుప్పటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మీరు కవలలు. అది ముందొచ్చింది. చూడగానే మీ నాన్న పేరు పెట్టేశాడు. గంటకి నువ్వొచ్చి ఏడ్చేసరికి అది ఊపిరి ఆపేసింది. ఆ పేరు వదులుకోలేక నీకూ అదే రాయించాడు."

"మరి ముప్పై ఒకటేంటమ్మా? ఏప్రిల్‌కి లేదు కదా."

"గుమాస్తా కూడా అడిగాడట. 'ముప్పై అయిపోయింది, ఒకటి ఇంకా రాలేదు. అది ఆ మధ్యలో వచ్చి వెళ్లిపోయింది, అలాగే రాయి' అన్నాడట మీ నాన్న. అందరి గడియారాలూ సరిచేసే మనిషాయె, ఎవరు కాదంటారు?" దుప్పటి అంచు సర్దుతూ మళ్లీ అంది: "చిన్నప్పుడు నిన్ను పిలిస్తే రెండుసార్లు పలికేదానివి. మొదటిది నీ గొంతు కాదు. నేనేమీ అనేదాన్ని కాదు."

మర్నాడు ప్రోగ్రామర్ తేలిగ్గా చెప్పాడు. "ఒక్క లైను మారిస్తే చాలు మేడమ్. తప్పు తేదీ ఉన్న రికార్డుని అవతల పారేస్తుంది. మీది మీకొచ్చేస్తుంది."

పద్దెనిమిదేళ్లుగా ఆమె అడుగుతున్నది అదే. ఇప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపింది.

"పారేయొద్దు. మార్చనూ వద్దు. రాసింది రాసినట్టే ఉంచి, మనిషెవరైనా చూడాలని గుర్తు పెట్టించండి."

"ఒక్క రికార్డు కోసమా?"

"ఆ ఒక్కదాని కోసమే."

ఆయన గొణుక్కుంటూనే మూడు రోజుల్లో చేసిపెట్టాడు. వరసలు విడిపోయాయి. ఆమె మళ్లీ బతికున్నవాళ్లలో చేరింది.

శనివారం తల్లి చూస్తానంటే ఆఫీసుకి తీసుకొచ్చింది. తల్లి కళ్లద్దాలు సర్దుకుని, ఒకదాని కింద ఒకటిగా ఉన్న రెండు వరసలనూ వేలితో తడిమింది.

"నీ వయసు చూపిస్తోంది సరే. దానిదేది?"

"దానికి చూపించదమ్మా. లెక్కకి తేదీ లేదుగా."

"ఓహో, అందుకేనన్నమాట" అంది తల్లి తలూపుతూ. "ఇంకా అంతే ఉంది."

ఎక్కడ చూశావని ఆమె అడగలేదు. కంప్యూటర్ ఆపేసి, తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.