మర్యాదకి మింగిన బూరె

కిందటేడు, బరువు తగ్గే ఆపరేషన్ అయిన నాలుగు నెలలకి, ఉయ్యూరులో మావారి పెద్దమ్మగారింట గృహప్రవేశానికి వెళ్లాం. నా పొట్టని కోడిగుడ్డంత చేసి, పేగుని నేరుగా దానికే కుట్టారు. ఇక తిన్నది ఒంటికి సరిగా పట్టదనీ, మాత్రలు మానొద్దనీ, తీపి తింటే అరక్కుండానే పేగులోకి జారిపోయి ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరుగారు మరీమరీ చెప్పారు.

అదే పెద్దత్తయ్యగారికీ చెప్పాను. వింటేగా! బూరెకి చిల్లు పెట్టి, నిండా నెయ్యి పోసి, "తినకపోతే నా మీద ఒట్టేనమ్మాయ్!" అంటూ నోట్లో కుక్కారు. బంతిలో అందరూ చూస్తున్నారని నేనూ మింగాను, బుద్ధి లేక.

పావుగంటలో ఒళ్లంతా చెమటలు, గుండె దడదడ, కడుపులో మెలి. లేవబోయి పక్కాయన విస్తట్లోనే పడ్డాను. జడంతా సాంబారు! "తిండిలేక నీరసం, పాపం" అంటూ ఆవిడ గ్లాసుడు పంచదార నీళ్లు పట్టుకొచ్చారు. మావారు అడ్డుపడబట్టి బతికిపోయాను.

మొహమాటం ఎంత ముదురు రోగమో నాకు ఆరోజే తెలిసింది. పెద్దత్తయ్యగారికి మాత్రం ఈరోజుకీ ఏమీ తెలియలేదు. చుట్టాలందరికీ ఆవిడ చెప్పేది ఒకటే: రెండో బూరె తిననందుకే నాకు కళ్లు తిరిగాయట!