మునెప్ప సంతకం

మూడేళ్ల క్రితం కుప్పంలో మేం పనిచేసే గ్రానైట్ ఫ్యాక్టరీ మా తొమ్మిది మందిని తీసేసింది. గొడవ మధ్యవర్తి ముందుకు వెళ్లింది. మా అందరి తరఫున కాగితాలు అందుకునేది తోటి కార్మికుడు, మా యూనియన్ లీడర్ మునెప్ప.

"తీర్పు ఇంకా రాలేదక్కా. వస్తే నీకు సెప్పకుండా ఉంటానా?" అనేవాడు ఎప్పుడడిగినా.

అతన్ని మళ్లీ అదే ఫ్యాక్టరీలో మేస్త్రీగా పెట్టుకున్నారని తెలిసి, మదనపల్లెలో లాయరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన వాకబు చేసి, ఒక జిరాక్స్ తెప్పించాడు.

"తీర్పు మీకు వ్యతిరేకంగా వచ్చి ఐదు నెలలైందమ్మా. కాపీ అందినాక కోర్టుకు పోయేదానికి మూడు నెలలే గడువు, అది దాటిపోయింది. అప్పుడే కాపీ అందిందని ఈడ సంతకం ఉండాది, చూడు."

చూశాను. లీడరు వేలిముద్ర వేస్తే బాగుండదని, భోజనాల వేళ బండ మీది తడి రాతిపొడిలో నేనే వేలు పట్టి దిద్దించిన సంతకం అది.

ఇప్పటికీ ఎవరైనా సంతకం నేర్పమంటే నా చెయ్యి ముందుకు రాదు.