బెలారస్ రేసర్‌ని నేను ఓడించిన వైనం

అమెరికాలోని సన్నీవేల్‌లో ఉన్నప్పుడు ఒక బెలారస్ మాజీ సైకిల్ రేసర్‌ని ఓడించానని ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది. అసలు జరిగింది ఇది.

ఒక ఆదివారం ఎదురుగాలికి సైకిల్ తొక్కలేక నేను ఆయాసపడుతుంటే అతను నా ముందుకొచ్చాడు. దారంతా అతని వెనకే హాయిగా తొక్కి, చివర్లో దాటేసి చేతులెత్తాను.

"ప్రోనే బీట్ చేశావ్ అన్నా!" అని అక్కడ ఎదురుచూస్తున్న నా స్నేహితుడు రవి గంతేశాడు.

రేసర్‌ని ఓదార్చే ధోరణిలో, కెరీర్‌లో ఎన్ని గెలిచావని అడిగాను.

"ఒక్కటీ లేదు," అన్నాడు నవ్వుతూ. "లీడర్‌కి గాలి తగలకుండా ముందు తొక్కడమే నా ఉద్యోగం. అతను గెలిస్తే టీమంతా గెలిచినట్టే."

"మరి నీకేం మిగిలింది?"

"ఫినిష్ లైన్ దాటగానే లీడర్ వెనక్కొచ్చి ముందు నన్నే కౌగిలించుకునేవాడు," అని నా వైపు చూస్తూ నిలబడ్డాడు.

నేను ఫోన్ అతని చేతికిచ్చి, నాకో ఫొటో తీయమన్నాను.