ఎన్నికల కోడ్‌లో ఒక పెళ్లి ఉంగరం

2021 ఫిబ్రవరి. పంచాయతీ ఎన్నికల రోజులు. అప్పుడు నేను నందికొట్కూరుకు కొంచెం దూరంలో ఉన్న ఒక ఊరి సంఘానికి పాస్టరుని. శనగ కోతలు నడుస్తున్నాయి. పగలు పొలంలో, సాయంత్రం ప్రచారంలో ఊరంతా తీరిక లేకుండా ఉంది. నా ఒక్కడికే రెండు పూటలా భయం.

భయం ఎందుకో చెప్పాలంటే ఆ ఊరి సంగతి చెప్పాలి. మా సంఘంలో రెండు వీధుల వాళ్లున్నారు. పై వీధి, కింది వీధి. రెండూ దళితవాడలే, కానీ రెండు వేర్వేరు కులాలు. ఆ కులాల పేర్లు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు కథ వదిలేసి, ఈ పాస్టరు ఏ కులం వాడో ఆరా తీస్తారు. ఆ ఊళ్లో అదే జరిగింది. నాది కడప వైపు కాబట్టి ఎవరికీ సరిగ్గా తెలియదు. పై వీధి వాళ్లు నన్ను కింది వీధి కులం వాడనుకునేవాళ్లు, కింది వీధి వాళ్లు పై వీధి కులం వాడనుకునేవాళ్లు. ఎవరికి ఎప్పుడు కోపమొచ్చినా కారణం సిద్ధంగా ఉండేది.

రెండు వీధుల మధ్యలో చర్చి ఉంది. తాతల నాటి నుంచి ఒకే చర్చిలో పాడారు, ఒకే పాత్రలో నుంచి ప్రభు రాత్రి భోజనం తీసుకున్నారు. కానీ ఒక వీధి పిల్లను ఇంకో వీధికి ఇచ్చిన దాఖలా మాత్రం లేదు.

మొదటిసారి ఆ పని చేసినవాళ్లు కరుణ, సుధాకర్. కరుణ పై వీధి అమ్మాయి. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. సుధాకర్ కింది వీధివాడు, సోలార్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్. క్వయర్‌లో పక్కపక్కన నిలబడి పాడుతూ ఇష్టపడ్డారు. రెండిళ్లనూ ఒప్పించడానికి నాకు ఏడాది పట్టింది. చివరికి ఫిబ్రవరిలో పెళ్లి ఖాయమైంది, బాన్స్ చదవడం మొదలుపెట్టాను. బాన్స్ అంటే, ఫలానా వారికి ఫలానా వారితో పెళ్లి జరగబోతోంది, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని వరసగా మూడు ఆదివారాలు సంఘం ముందు చేసే ప్రకటన. రెండు ఆదివారాలు నిశ్శబ్దంగా గడిచాయి. ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు నామినేషన్లు వచ్చాయి. సర్పంచి పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. చర్చికి వచ్చినా, సర్టిఫికెట్లలో మా వాళ్లంతా ఎస్సీలే. పై వీధి నుంచి సంపూర్ణమ్మ నిలబడింది. ఆమె కరుణ తల్లి. కింది వీధి నుంచి సువార్తమ్మ నిలబడింది. ఆమె సుధాకర్ మేనత్త. ఒకామె వెనుక ఒక పార్టీ, ఇంకొకామె వెనుక ఇంకో పార్టీ. నిజానికి నిలబడింది వాళ్ల మొగుళ్లే. సంపూర్ణమ్మ భర్త దానమయ్య, సువార్తమ్మ భర్త జయన్న. ఇద్దరూ సంఘ పెద్దలే.

ఆ ఆడవాళ్లిద్దరూ ఇరవై ఏళ్లుగా చర్చిలో పక్కపక్కన కూర్చునేవాళ్లు. సంపూర్ణమ్మకు చదువొచ్చు, చూపు ఆనదు. సువార్తమ్మకు కళ్లద్దాలున్నాయి, చదువు రాదు. కళ్లద్దాలు ఆమెవి, చదవడం ఈమెది. అలా ఒకే పాటల పుస్తకంతో గడిపేశారు. నామినేషన్ వేసిన మరుసటి ఆదివారం ఇద్దరినీ మొగుళ్లు చెరో మూలకు లాక్కుపోయారు. ఆ రోజు పై వీధి మొత్తం ఎడమవైపు, కింది వీధి మొత్తం కుడివైపు కూర్చుంది. అంతకుముందు మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చునేవాళ్లు. మా సంఘంలో భార్యాభర్తలు కలిసి కూర్చున్న మొదటి ఆదివారం అదే. ఎంతమందికి ఇబ్బందిగా ఉందో వాళ్ల మొహాలే చెప్పాయి. సంపూర్ణమ్మ పుస్తకాన్ని కంటికి ఆనించుకుని తప్పులు పాడింది. సువార్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

తర్వాత గుర్తులు వచ్చాయి. సంపూర్ణమ్మకు ఉంగరం. సువార్తమ్మకు కత్తెర.

మూడో బాన్స్ చదివిన తర్వాతి ఆదివారం నేను తోటమాలి గురించి ప్రసంగం చేస్తున్నాను. "పనికిరాని కొమ్మలను ఆయన కత్తిరిస్తాడు" అన్నానో లేదో, కుడివైపు నుంచి "ఆమెన్! హల్లెలూయా!" అని కప్పు ఎగిరేలా అరిచారు. నా ప్రసంగానికి ఆ ఊళ్లో అంత స్పందన ఎప్పుడూ రాలేదు. ఎడమవైపు దానమయ్య లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, మీరు కత్తిరించడం గురించి చెప్పినారు. బాగుండాది. ఉంగరం గురించి ఎప్పుడు చెప్తారు?"

ఆ వారమంతా ప్రసంగాల కాగితాలు ముందేసుకుని మాటలు కొట్టేస్తూ కూర్చున్నాను. కత్తిరించు, తెంచు, ముక్క, గుండ్రం, వేలు, బంగారం. ఇవన్నీ తీసేస్తే మిగిలింది పది నిమిషాలు కూడా రాలేదు.

పెళ్లికి నాలుగు రోజుల ముందు జయన్న వచ్చాడు. మంచి మనిషి. చర్చిలో ప్రార్థన అనగానే రెండు చేతులూ అందరికంటే ముందు ఎత్తేది ఆయనే. ఆ రోజు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, పెండ్లిలో ఉంగరం వద్దు."

"ఉంగరం లేకుండా ఎట్లా జయన్నా? ప్రమాణం చేసి మార్చుకోవాలి కదా."

"తాళి ఉండాది గదా, అది చాలు. కింది వీధి అంతా కూచుని చూస్తాంటే, మా పిల్లోని ఏలికి ఎదుటోళ్ల గుర్తు తొడిగితే మేము ఓట్లు ఎట్ల అడగల్ల? ఫోటోలు తీస్తారు. వాట్సాప్‌లో పెడతారు."

ఆయన వెళ్లిన గంటకు దానమయ్య వచ్చాడు. "అయ్యగారూ, ఉంగరం తొడిగేటప్పుడు రొంత పైకెత్తి చూపించల్ల. ఎనక కూచున్నోళ్లకు కనపడదు."

నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పుకోవాలి. ఇద్దరిలో ఎవరినీ ఎదిరించే ధైర్యం నాకు లేకపోయింది. సులువుగా వినేవాళ్లు ఎవరా అని చూశాను. కరుణ కనిపించింది. సెలవు మీద ఊరికి వచ్చి ఉంది. ఇంటి ముందు గోరింటాకు పెట్టించుకుంటూ కూర్చుంటే వెళ్లి మెల్లగా చెప్పాను. "అమ్మా, ఊరి మంచి కోసం ఈ ఒక్క ఉంగరం వదులుకుంటే ఎట్లుంటుంది?"

ఆమె చేతులు కదపకుండా నా వైపు చూసింది. "అది నేను నా జీతంతో కొన్న ఉంగరం అయ్యగారూ. ఆయప్ప ఏలు కొలత తీసుకుని చేయించినా. దాన్ని ఎన్నికలోళ్లు తీసుకుంటే నేనేం చేయల్ల?"

"గొడవ అవుతుందేమోనని..."

"మీరు గొడవ కాకుండా చూస్తాండారు. మమ్మల్ని కలపల్లని చూస్తాలేరు. రెండూ ఒకటి కాదు గదా?"

నేను వెనక్కి తిరిగాను. గోరింటాకు పెడుతున్న పెద్దావిడ మాత్రం "కాఫీ తాగి పోండి అయ్యగారూ" అంది. తాగకుండానే వచ్చేశాను.

పెళ్లి రోజు ఉదయం చర్చి ముందు ఒక జీపు ఆగింది. ఎన్నికల డ్యూటీలో ఉన్న అధికారిణి, ఒక కానిస్టేబులు, భుజాన కెమెరాతో ఒక వీడియోగ్రాఫరు దిగారు. ఎవరో ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చారట, ప్రార్థనా స్థలంలో ఓటర్లకు ఒక అభ్యర్థి గుర్తు చూపించబోతున్నారని. కోడ్ ఉన్నప్పుడు గుళ్లో, మసీదులో, చర్చిలో ప్రచారం చేయకూడదు. అది నాకూ తెలుసు.

"ఏమిటండీ ఆ గుర్తు?" అంది ఆమె.

"పెళ్లి ఉంగరం మేడం."

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. పొద్దున్నుంచి అది ఎన్నో ఫిర్యాదో పాపం. "తొడగడానికి ఎంతసేపు పడుతుంది?"

"అర నిమిషం."

"తొడిగించండి. పైకెత్తి చూపించొద్దు. దాని గురించి మాట్లాడొద్దు. మేం చివర కూర్చుని రికార్డు చేస్తాం."

పాట అయింది. ప్రమాణాలు అయ్యాయి. సుధాకర్ తాళి కట్టాడు. ఇక ఉంగరాల పళ్లెం కోసం చెయ్యి చాచాను. పళ్లెంలో పూలున్నాయి, పెళ్లికూతురి ఉంగరం ఉంది. పెళ్లికొడుకుది లేదు.

చర్చి అంతా గుసగుసలు. దానమయ్య కింది వీధి వైపు వేలు చూపించాడు. వాళ్లు లేచారు. వీళ్లూ లేచారు. కానిస్టేబులు లాఠీ వెతుక్కున్నాడు, జీపులో మరిచిపోయినట్టున్నాడు. నాకు ఏం చేయాలో తోచలేదు. ఏమీ తోచనప్పుడు పాస్టర్లు చేసే పనే చేశాను. "సంఘమా, అందరం చేతులెత్తి ప్రార్థన చేద్దాం" అని గట్టిగా అన్నాను.

ముప్పై ఏళ్ల అలవాటు. అందరికంటే ముందు జయన్న రెండు చేతులూ పైకి లేచాయి. భుజం మీది నుంచి కుడిచేతిని కప్పి ఉన్న కండువా జారి కిందపడింది. ఆ చేతి వేలికి పెళ్లికొడుకు ఉంగరం తళతళా మెరిసింది.

 ఎడమవైపు నుంచి ఎవరో అరిచారు. "చూడండప్పా! జయన్నే మా గుర్తుకు ప్రచారం చేస్తాండాడు!"

ఆ నవ్వు ఎటువైపు మొదలైందో నేను చెప్పలేను. కింది వీధి వాళ్లూ ఆపుకోలేకపోయారు. వీడియోగ్రాఫరు కెమెరా ఊగిపోతోంది. అధికారిణి మాస్కు పైకి లాక్కుంది కానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

సువార్తమ్మ మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి మొగుడి ముందు నిలబడింది. "ఏమిటికి తీసినావు?"

"దాచిపెడదామని తీసినా. జేబుకు చిల్లి ఉండాది. పడిపోతాదేమోనని ఏలికి పెట్టుకున్యా."

"తియ్యి మల్ల."

"రావడంల్యా. పొద్దున్నుంచి గుంజుతాండా."

నిజంగానే రావడం లేదు. వేలు ఉబ్బి వంకాయలా ఉంది. సబ్బు తెచ్చారు, శనగనూనె తెచ్చారు. ఇద్దరు పట్టుకుని లాగితే జయన్న అరిచిన అరుపుకు అధికారిణి నవ్వు ఆపేసింది. కర్నూలు తీసుకుపోయి వేలు కోయించాల్సిందేనని ఎవరో అన్నారు. జయన్న మొహంలో రక్తం లేదు.

అప్పుడు కరుణ తలమీది ముసుగు వెనక్కి తోసుకుని వచ్చింది. "జరగండి. దారం ఉందా ఎవరి దగ్గరైనా?"

సువార్తమ్మ కొంగు ముడి విప్పింది. పెళ్లికూతురి జాకెట్టు ఎక్కడైనా చిరిగితే కుట్టడానికని సూది, దారం తెచ్చుకుంది. ఎదుటి పార్టీ వాళ్ల కూతురి జాకెట్టు కోసం. కరుణ దారం కొసను తల పిన్నుతో ఉంగరం కిందుగా దూర్చింది. మిగతా దారాన్ని ఉంగరం అంచు నుంచి వేలి కణుపు దాటేదాకా దగ్గర దగ్గరగా బిగించి చుట్టింది. తర్వాత కింది కొస పట్టుకుని మెల్లగా విప్పుతూ వచ్చింది. ఒక్కొక్క చుట్టు వీడుతుంటే ఉంగరం కొంచెం కొంచెం ముందుకు జరిగింది. ఆసుపత్రుల్లో ఇది మామూలు పనేనట. మాకు మాత్రం కళ్ల ముందు అద్భుతం జరుగుతున్నట్టుంది. రెండు వీధుల వాళ్లూ ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగి చూశారు.

సగంలో దారం చిక్కుపడింది. "కత్తెర ఇయ్యండి" అంది కరుణ.

ఎవరూ కదల్లేదు. అందరూ అధికారిణి వైపు చూశారు.

"ఇవ్వండమ్మా, దేవుడా! కత్తెర ఇవ్వండి!" అందామె.

అలంకరణ రిబ్బన్ల దగ్గరున్న కత్తెర తీసుకుని సంపూర్ణమ్మ వచ్చింది. ఉంగరం గుర్తు అభ్యర్థి. కెమెరా ముందు నుంచే నడిచి వచ్చి కూతురి చేతికిచ్చింది. వెనక నుంచి దానమయ్య "ఏయ్, ఏయ్" అంటున్నాడు. "నోరు మూసుకో" అంది ఆమె వెనక్కి చూడకుండా.

ఉంగరం ఊడింది. కరుణ దాన్ని తన కొంగుతో తుడిచి, జయన్న చెయ్యి ఇంకా వదలకుండా అడిగింది. "మామా, నొప్పి ఉండాదా?"

అప్పటిదాకా ఆ అమ్మాయి ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు. సుధాకర్ ఆయన్ని పిలిచే వరస అదే. జయన్న తల అడ్డంగా ఊపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికే అని ఇప్పటికీ అంటాడు.

మిగిలింది అర నిమిషం పనే. ఎవరూ హల్లెలూయా అనలేదు. మ్యారేజ్ రిజిస్టరులో ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. రెండు వైపుల నుంచి పెద్దమనుషుల్ని పిలవాలని ముందు అనుకున్నాను. మనసు మార్చుకుని సంపూర్ణమ్మను, సువార్తమ్మను పిలిచాను. సువార్తమ్మ రాయగలిగేది సంతకం ఒక్కటే. తన సంతకం పెట్టి, కళ్లద్దాలు తీసి సంపూర్ణమ్మకు ఇచ్చింది.

ఎన్నికలు జరిగాయి. కొద్ది ఓట్లతో సువార్తమ్మ గెలిచింది. "నా ఏలు చూసి జాలిపడి ఏసినారప్పా" అని జయన్న ప్రచారం చేసుకున్నాడు. ఓడినవాళ్లు నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. భోజనాల పంక్తుల్లో, శ్మశానంలో ఆ రెండు వీధుల మధ్య గీతలు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. ఒక్క ఉంగరం వాటన్నిటినీ చెరిపేసిందని రాస్తే అది అబద్ధం.

కానీ నేను నేర్చుకున్నది ఒకటుంది. నేను ఇరువైపులా సమానంగా తూచడాన్నే శాంతి, సమాధానం అనుకున్నాను. అలా తూచి తూచి చివరికి బరువంతా ఎవరు మోస్తారా అని చూస్తే, ఒక ఆడపిల్ల చేతిలో పెట్టబోయాను. సంఘాన్ని నడిపేవాడు గొడవకు జడిసి మెత్తనివాళ్ల దగ్గరికి పోకూడదు. అడగాల్సినవాణ్నే అడగాలి. జయన్న ఇంటికి ఆ రోజే వెళ్లి "ఇది తప్పు జయన్నా" అని ఉంటే ఆయన తిట్టేవాడేమో, కానీ వినేవాడు.

ఫలితాలు వచ్చిన తర్వాతి ఆదివారం ప్రసంగం పక్కనపెట్టి ఈ మాటే చెప్పాను. కరుణను ఉంగరం వదులుకోమని అడిగింది నేనేనని, అది పిరికితనమని సంఘం ముందు ఒప్పుకున్నాను.  పాస్టరు తప్పు ఒప్పుకుంటే ఏం చేయాలో వాళ్లకూ తెలియదు. 

కొత్త సర్పంచి సువార్తమ్మే చివరికి లేచింది.

"సరేలే అయ్యగారూ, ఇన్యాం. క్షమించినాం. ఇంక పాట ఎత్తుకోండి, శానా ఎండగా ఉండాది."