వరప్రసాదరావు గారి ఎలక

వరప్రసాదరావు గారికి ఈ లోకంలో శత్రువు ఒక్కటే. ఎలక.

ఏది చెడిపోయినా అది ఎలక పనే. ప్రింటర్ కాగితం నమిలితే ఎలక. ఫ్యాను తిరక్కపోతే ఎలక. నందిగామలో ఆయన కంప్యూటర్ పాఠాలు చెప్పే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంటర్నెట్ ఆగితే అందరూ గోడ మీది డబ్బా వైపు చూస్తారు. ఆయన మాత్రం పంచె తడిసినవాడిలా ప్యాంటు పైకి లాక్కుని, వంగి, బల్లల కింద మూలమూలలా వెతుకుతారు. ఒకసారి ఓ లెక్చరర్ పాస్‌వర్డ్ మర్చిపోయి లబోదిబోమంటే, దాన్ని కూడా ఎలక ఖాతాలోనే వేశారు.

"కీబోర్డు కింద చీటీ అంటించుకుని ఉంటారు కదండీ. లాక్కుపోయింది."

"నేను చీటీ అంటించలేదండీ!"

"అదేనండి. అంటించినట్టు గుర్తు కూడా లేకుండా లాక్కుపోయింది."

ఫిజిక్స్ చెప్పే కిషోర్‌బాబు ఆయనకి 'మూషికప్రసాదరావు' అని పేరు పెట్టాడు. వెనకాల అనేవాడు, చనువు పెరిగాక ముందే అనడం మొదలుపెట్టాడు. ఆయన నొచ్చుకునేవారు కాదు. "మీ ల్యాబులో కూడా తిరుగుతోందండోయ్. మొన్న వోల్టుమీటరు పగిలింది దాని మూలానే" అన్నారు ఓ రోజు అందరి ఎదుటా. వోల్టుమీటరు కిషోర్‌బాబు చేతిలోంచి జారి పడింది. అది అతనికొక్కడికే తెలుసు, లేదా అలా అనుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు మూషికం మాట ఎత్తలేదు.

ఈ ఎలకతో అందరికన్నా ఎక్కువ వేగింది తబస్సుం. కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసేది ఆమె. ఇద్దరిదీ జగ్గయ్యపేటే, పొద్దున్నే ఒకే బస్సు. బస్సు చిల్లకల్లు చేరేలోపు రోజూ ఒక విడత వాదన అయిపోయేది.

"సార్, ఫైలంటే అప్పడం కాదు గదా. దాన్ని ఎలక ఎట్టా తింటుంది?"

"తింటుందని ఎవరన్నారమ్మా? నడుస్తుంది. వైరు మీద కాలేస్తుంది. రెప్పపాటు కరెంటు పోతుంది. అదే రెప్పపాటులో ఫైలు రాసుకుంటా ఉంటుంది. అయిపోయిందా, లేదా?"

"మరి పక్క కంప్యూటర్లన్నీ బానే ఉన్నయ్ గదా సార్?"

"ఎలక్కి ఒకటే తోకమ్మా. ఎన్నిటికని తగులుతుంది?"

తబస్సుం వాదన అక్కడితో ఆపి టికెట్టుకి చిల్లర తీసేది. నిజానికి ఆమె గట్టిగా వాదించలేకపోవడానికి వేరే కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బ్యాకప్ తీస్తున్న హార్డ్ డిస్కు మధ్యలో ఆగిపోయి సగం ఫైళ్ళు పాడయ్యాయి. తన ఉద్యోగం ఊడిందనే అనుకుంది. అప్పుడు వరప్రసాదరావు గారు బల్ల కింద దూరి, డిస్కు వైరు బయటికి లాగి, దాని మీది పంటి గాట్లు ప్రిన్సిపాల్‌తో సహా అందరికీ చూపించారు. కళ్ళతో చూసిన ఎలకని కాదనడం ఎలా?

ఓసారి రంజాన్‌కి సేమ్యా ఇద్దామని తబస్సుం వరప్రసాదరావు గారింటికి వెళ్తే, ఆయన భార్య లూర్దమ్మ గారు నెత్తి కొట్టుకున్నారు.

"ఆఫీసులోనూ ఇంతేనా అమ్మా? నేను టీవీ చూస్తా పులుసు మాడబెట్టాననుకో, ఎలక స్టవ్వు మీట తిప్పిందంటాడు. నా పెళ్ళయిన కాడ్నించీ ఈ ఇంట్లో ఒక్క ఎలకని నేను చూడలా!"

"నీ కంట పడదే, అది తెలివైంది" అన్నారు వరప్రసాదరావు గారు మాడిన పులుసే ఇంకాస్త వడ్డించుకుంటూ.

అసలు గొడవ ఓ సోమవారం వచ్చింది.

కాలేజీలో మార్కుల సాఫ్ట్‌వేరు చాలా పాతది. రాసిన మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. కొత్త కంప్యూటర్లలో అది లేవనంటుంది. అందుకని వరప్రసాదరావు గారు ఆఫీసు కంప్యూటర్ కడుపులో వర్చువల్ మెషీన్ అనే ఇంకో కంప్యూటర్ని కూర్చోబెట్టారు. దానికి విడిగా పెట్టె ఉండదు, తెర ఉండదు. పాత విండోస్ వేసుకుని, తానింకా పాత రోజుల్లోనే ఉన్నాననుకుంటూ హాయిగా పని చేస్తుంటుంది. దాని హార్డ్ డిస్కు కూడా ఉత్తుత్తిదే. ఒక ఫోల్డర్లో పడి ఉండే ఫైళ్ళే దానికి డిస్కు.

ఆ సోమవారం పొద్దున రూబీ దాన్ని తెరవబోతే, డిస్కు ఫైలు దొరకడం లేదని చెప్పి మొరాయించింది.

రూబీది వత్సవాయి. డిగ్రీ అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. చేరి ఇంకా మొదటి జీతం కూడా అందుకోలేదు. శనివారం సాయంత్రం ఆ కంప్యూటర్ మీద చివరగా కూర్చున్నది తనే. పైగా పీజీ సీట్లకి విజయవాడ వెళ్ళాల్సిన పిల్లలకి మర్నాటికల్లా మార్కుల మెమోలు కావాలి. బ్యాకప్ ఉంది గానీ, అందులో ఈ సెమిస్టర్ మార్కులు లేవు.

ప్రిన్సిపాల్ భవానీప్రసాద్ గారి గొంతు మామూలుగానే మైకు అక్కర్లేని గొంతు. ఆ రోజు హైవే మీద లారీల వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

"ఎవరు కెలికారో సాయంత్రంలోగా తేలాలి! తేలిందా, వాళ్ళు రేపట్నించి కాలేజీ మెట్టెక్కక్కర్లా!" అన్నారు రూబీ వంకే చూస్తూ.

రూబీ చున్నీ కొసతో కళ్ళొత్తుకుంది. "నేను సరిగ్గానే మూసి వెళ్ళానక్కా, ఒట్టు" అంది తబస్సుంతో.

అప్పుడు వచ్చారు వరప్రసాదరావు గారు. సంచీ కింద పెట్టి, బల్ల కిందికి వంగి, ముక్కు ఎగబీల్చి, లేచి నిలబడ్డారు.

"ఎలకండి."

"రావుగారూ!" ప్రిన్సిపాల్ గారి మీసం అదిరింది. "పిల్లల సీట్లు పోయేట్టుంటే మీకు వేళాకోళంగా ఉందా?"

"లేదండి. వాసనొస్తోంది. మీరెళ్ళి కూర్చోండి, నేను చూస్తా."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పక్కన తబస్సుం. ఫోల్డర్ తెరిచి చూస్తే పెద్ద ఫైలు ఒకటి కొండలా అక్కడే ఉంది. ఆయన దేన్నీ ముట్టుకోకుండా ముందు దాన్ని ఇంకో డిస్కులోకి కాపీ పెట్టారు.

"బాగుచేసే ముందు, చెడింది చెడినట్టే ఒకటి దాచుకోవాలమ్మా. లేకపోతే అది ముందే చెడిందో, మనం చెడగొట్టామో తెలీదు."

"ఫైలు ఉంది గదా సార్. మరి దొరకలేదంటదేంటి?"

"బస్తా ఉంది. బస్తా మీద చీటీ పోయింది. ఈ డిస్కుకి రెండు ఫైళ్ళుంటాయి. సరుకంతా ఈ పెద్దదాంట్లో. దాని పేరేంటి, కొలతెంత అని చెప్పేది ఇంకోటి, ఇంత చిన్నది. సాఫ్ట్‌వేరు ముందు చీటీనే అడుగుద్ది. చీటీ లేకపోతే ఎదురుగా ఉన్న బస్తా కూడా దానికి కనపడదు."

చీటీ ఎలా పోయిందా అని తబస్సుం తెరంతా కలియచూసింది. పక్కనే ఒక కొత్త ఫోల్డర్. పేరు 'మనవరాలి ఓణీల ఫంక్షన్'. అందులో వీడియోలు డిస్కు నిండేదాకా ఉన్నాయి. తేదీ ఆదివారం. ఆదివారం ఆఫీసు తాళాలు ఉండేది ఒక్కరి దగ్గరే. ఆ మనవరాలి ఫంక్షన్‌లో కాలేజీ మొత్తం భోజనం చేసింది కూడా.

తబస్సుం నోరు తెరిచింది. వీడియోలకి చోటు చాలక, పెద్ద ఫైళ్ళ జోలికి పోవడానికి భయపడి, పనికిరానివనుకుని చిన్నవన్నీ ఊడ్చేసిన మనిషి ఎవరో ఆమెకి అర్థమైపోయింది. "సార్, ఇది..." అనేలోపు వరప్రసాదరావు గారు గబుక్కున లేచి, భారీ శరీరాన్నంతా తెరకి అడ్డం పెట్టి, వెనక్కి తిరిగి కేకేశారు.

"రూబీ, కాస్త టీ చెప్పమ్మా! ఎలక పెద్దదే. టైం పడుద్ది."

తర్వాత పనిలో పడ్డారు. అదే కొలత అనుకుని కొత్త ఖాళీ డిస్కు ఒకటి తయారుచేసి, దాని చీటీ తీసుకుని, అందులో పాత పెద్ద ఫైలు పేరు రాశారు. మెషీన్ లేవలేదు. కొలత కలవడం లేదంది.

"ఇదీ ఎలకేనా సార్?" అంది తబస్సుం కాస్త వెటకారంగా.

"కాదమ్మా, ఇది నేనే. తొమ్మిది బదులు ఆరు కొట్టా" అన్నారు ఆయన వెంటనే.

తబస్సుం ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళలో ఆయన తన పొరపాటుని ఎలక మీదికి తోసిన రోజు ఒక్కటైనా ఉందా అని వెనక్కి వెళ్ళి వెతుక్కుంది. ఒక్కటీ దొరకలేదు.

అంకె దిద్దాక మెషీన్ ఇంకో పేచీ పెట్టింది. ఆ ఫైలుని ఎవరో వాడుతున్నారట. "ఎవరూ లేరమ్మా. నిన్న కంప్యూటర్‌ని సరిగ్గా మూయకుండా స్విచ్చి ఆపేసినట్టున్నారు. లోపల గడియ పడిపోయింది, అంతే" అంటూ ఆ మిగిలిపోయిన తాళం ఫైలుని తీసేశారు. ఈసారి పాత విండోస్ సంగీతం మోగించుకుంటూ లేచి కూర్చుంది. మార్కులన్నీ ఉన్నాయి. రూబీ టీ గ్లాసులు పట్టుకునే ఏడ్చి, గ్లాసులు పట్టుకునే నవ్వింది. ప్రింటర్ మెమోలు వదలడం మొదలుపెట్టింది.

సంగతేమిటో చూడ్డానికి ప్రిన్సిపాల్ గారు వచ్చారు. వరప్రసాదరావు గారు బస్తా సంగతీ చీటీ సంగతీ ఆయనకి వివరించి, "చిన్న ఫైలండి. చూస్తే పనికిరానిదిలాగే ఉంటుంది. ఎలకలకి అలాంటివే కనపడతాయి" అన్నారు. ఆ తర్వాత జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. "మీ వీడియోలు ఇందులో పెట్టానండి, భద్రంగా ఉన్నాయి. డిస్కులో ఉంటే ఎలక వాటినీ ముట్టుకునేది."

భవానీప్రసాద్ గారు పెన్‌డ్రైవ్ వైపు చూశారు. కంప్యూటర్ వైపు చూశారు. మీసం మెల్లగా దిగింది. కాలేజీలో ఎవరూ ఎన్నడూ వినని చిన్న గొంతుతో, "ఎలకేనంటారా రావుగారూ?" అన్నారు.

"ఎలకేనండి. సందేహమే లేదు."

ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకుని రూబీ వైపు తిరిగారు. "అమ్మా, పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా? ముందెళ్ళి తినిరా. నేను... ఊరికే అరుస్తుంటాలే" అన్నారు.

సాయంత్రం బస్సులో తబస్సుం ఆగలేకపోయింది.

"పాపం ఆ పిల్ల మీద పడుతుంటే, చేసిందెవరో చెప్పకుండా ఎలకంటారేంటి సార్?"

"పేరు చెప్తే ఏమవుద్దమ్మా? అందరి ముందూ ఆయన తల దించుకోవాలి. రేపట్నించి రూబీ కనపడ్డప్పుడల్లా ఆయనకి అదే గుర్తొస్తది. ఆ కోపం ఎవరి మీద పడుద్ది? రూబీ మీదే. ఎలకనుకో, దానికి పరువా, ఉద్యోగమా? ఎంత మోయమన్నా మోస్తది."

బస్సు కాసేపు ముందుకి సాగింది. తబస్సుం మనసు మాత్రం వెనక్కి పోయింది. బ్యాకప్ ఆగిన ఆ రోజు... తన ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది... ఏదో ఒక ప్లగ్గు పీకి, తన ఛార్జర్ పెట్టింది...

"సార్! ఆ హార్డ్ డిస్కు..."

వరప్రసాదరావు గారు కిటికీలోంచి పత్తిచేలు చూడసాగారు.

"మరి పంటి గాట్లు చూపించారు గదా సార్! నేను చూశా!"

"బ్లేడుతో గీసా. చేతి మీద కూడా తెగింది" అన్నారాయన ఇంకా చేల వైపే చూస్తూ.

తబస్సుంకి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. నవ్వే ముందొచ్చింది. బస్సులో ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగి చూసేంతగా నవ్వింది.

ఆ వారంలోనే భవానీప్రసాద్ గారు సొంతూరు కీసర వెళ్ళి, వచ్చేటప్పుడు ఒక బుట్ట తెచ్చారు. మూత తీస్తే లోపల బలిసిన పిల్లి. "ఆఫీసులో ఎలకల బాధ ఎక్కువైందన్నారుగా రావుగారూ. ఇక మీకే దిగులూ అక్కర్లేదు" అని గర్వంగా ప్రకటించి గదిలోకి వెళ్ళిపోయారు.

వరప్రసాదరావు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎంత పని చేశారమ్మా ఈయన!" అన్నారు తబస్సుంతో గొంతు తగ్గించి. "ఇక ఈ ఆఫీసులో ఎలకుందంటే ఎవరు నమ్ముతారు? పాపం, రేపెవరన్నా ఏదన్నా చెడగొడితే వాళ్ళ గతేంటి?"

పిల్లి బుట్టలోంచి దూకి, రూబీ బల్ల ఎక్కి, కీబోర్డు మీద తాపీగా ఈ చివర్నించి ఆ చివరికి నడిచింది. తెర మీద పిచ్చి అక్షరాలు బారులు తీరాయి.

"సార్, బెంగ పెట్టుకోకండి" అంది తబస్సుం. "అటు చూడండి. దీనికి నడవడం కూడా వచ్చు."

వరప్రసాదరావు గారు చూశారు. మొహం మెల్లగా విప్పారింది. క్యాంటీన్ వైపు తిరిగి, గిన్నెడు పాలు తెమ్మని కేకేశారు.