పర్వతాలుకు మిగిలిన బోల్టు

పర్వతాలు ఏ యంత్రాన్ని విప్పి బిగించినా చివరికి ఒకటి మిగులుతుంది. నట్టో, బోల్టో, ఏదో ఒకటి. మిక్సీ విప్పినా మిగులుతుంది, మందు కొట్టే పంపు విప్పినా మిగులుతుంది. దేవరకొండ పక్కన ఆ పల్లెలో ఆయన చేత ఫ్యాను బాగు చేయించుకున్నవాళ్లు వారం రోజులు దాని కింద మంచం వెయ్యరు. అయినా మళ్లీ ఏది పాడైనా ఆయన దగ్గరికే తెస్తారు. ఎందుకంటే ఆయన బిగించింది ఎందుకనో మళ్లీ ఆగదు.

మిగిలినదాన్ని పాత పచ్చడి జాడీలో పడేసి, "ఒకటి మిగిలింది తియ్" అని చేతులు దులుపుకుంటాడు. తెచ్చినవాడు పగలబడి నవ్వుతాడు. ఆయన భార్య బీరమ్మకు మాత్రం తల కొట్టేసినట్టుంటుంది. గొర్రెల్ని తోలుకొచ్చాక ఒక్క పిల్ల తగ్గితే అన్నం ముట్టని మనిషి. లెక్క తప్పడం ఆమె ఒంటికి పడదు.

అలాంటి బీరమ్మ ఆ ఎండాకాలం తనంతట తానే ఒక చిక్కు నెత్తికెత్తుకుంది. వెనక వీధి మల్లీశ్వరి భర్త పోయి రెండేళ్లయింది. ఆయన పాత ట్రాక్టర్‌ను ఆమే తోలుతూ, ఊరి చేలు దున్ని బతుకుతోంది. అది పొగ కక్కీ కక్కీ నిలబడిపోయింది. మిరుగం కార్తె తొలి వానలకు లేవకపోతే ఊరి దున్నకాలన్నీ వేరేవాళ్లకు పోతాయి, ఆ ఏడు ఆమె పొయ్యి వెలగడం కష్టం.

"మా ఆయన జేస్తడు పిల్లా, నాది మాట" అనేసింది బీరమ్మ. ఇంటికొచ్చాక గానీ జాడీ గుర్తు రాలేదు.

పర్వతాలు ఇంటి పందిరి కిందికి ఇంజన్ చేరింది. మూడు పిస్టన్లు బియ్యం కడిగే గిన్నెలో డీజిల్ స్నానం చేశాయి. ఆరు వాల్వులు పోపుల డబ్బాలో అరకొకటి చొప్పున కూర్చున్నాయి.

"ఏందయ్యా ఇది? ఇల్లా, షెడ్డా?"

"ఏ వాల్వు ఏ జాగలదో కలవొద్దే."

"మరి నా జీలకర్ర?"

"ఏడో అర నీదే. ముట్టుకుంటే ఒట్టు."

వారం రోజులు పప్పు కూడా డీజిల్ వాసనే వచ్చింది. మధ్యలో పర్వతాలు మూడుసార్లు బస్సెక్కి నల్గొండ వెళ్లాడు.

"ఎందుకు పోతున్నవ్?"

"ఛాయ్ తాగొస్త."

"దేవరకొండల ఛాయ్ దొరకదా?"

"గంత మంచిగుండది."

వాన ముంచుకొస్తుంటే ఈయనకు ఛాయ్ యావేమిటని బీరమ్మ లోలోపల ఉడికిపోయింది. రోజూ పొద్దున్నే గొర్రెల్ని లెక్కపెట్టినట్టు విడిభాగాల్ని లెక్కపెట్టేది. పిస్టన్ కడ్డీల్ని పట్టి ఉంచే పెద్ద బోల్టులు ఆరు. పొద్దున ఆరు, సాయంత్రం ఆరు. అవి ఉంటే ప్రాణం కాస్త కుదుటపడేది.

సాయంత్రమయ్యేసరికి మల్లీశ్వరి వచ్చి పందిరి గుంజ పట్టుకుని నిలబడేది. "అక్కా, మొగులు కమ్ముతాంది, వానొచ్చెటట్టుంది. అయితదా?"

"అయితది, ఫికర్ చెయ్యకు" అనేది బీరమ్మ, బోల్టుల్ని మరోసారి లెక్కపెడుతూ.

"మా ఆయన చేతులతోటి బిగించిండు అక్కా గీ ఇంజన్ను. ఒక్క బోల్టన్న చెక్కు చెదర్లే" అని ఆ పిల్ల ఇనుమును నిమిరేది.

ఇంజన్ మళ్లీ ట్రాక్టర్‌లోకి ఎక్కిన రోజు ఆకాశం నల్లగా కమ్ముకుంది. వాడకట్టంతా పోగైంది. పక్కింటి నరసింహ వీడియో తీద్దామని ఫోన్ పట్టుకుని ముందే నిలబడ్డాడు. "పర్వతాలన్నా, ఈసారి ఎన్ని మిగిలినయే?"

"ఒకటి" అని పర్వతాలు జాడీలో పడేశాడు.

ఠంగుమని మోగింది. బీరమ్మ తొంగి చూసి కొయ్యబారిపోయింది. కడ్డీ బోల్టు! ఆరింట్లో ఒకటి! నరసింహ నవ్వు కూడా ఆగిపోయింది. "అన్నా, గది లేకుంటే కడ్డీ ఊడి ఇంజన్ పగుల్తది కదనే!"

మల్లీశ్వరి అప్పటికే సీటెక్కి కూర్చుంది. బీరమ్మ పరుగున పోయి ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడింది. "ఆగు పిల్లా! ఏమయ్యా, ఇప్పు. మళ్ల ఇప్పు. గది ఏడ మిగిలిందో జెప్పు!"

పర్వతాలు బుర్ర గోక్కున్నాడు. మల్లీశ్వరి వైపు చూశాడు, నేల చూపులు చూశాడు.

బీరమ్మకు ఒళ్లు మండింది. ఎట్లా బిగించాలో తానే చూపిద్దామని జాడీలోంచి ఆ బోల్టు తీసి, దానికి ఒక నట్టు ఎక్కించబోయింది. నట్టు పట్టలేదు, జారిపోయింది. మళ్లీ ఎక్కించింది, మళ్లీ జారింది. వేలితో తడిమితే బోల్టు మరలన్నీ అరిగి నున్నగా తగిలాయి. జాడీ మొత్తం కొంగులో కుమ్మరించింది. ఒకటి పగిలింది, ఒకటి వంగింది, ఒకటి తుప్పుకు సగమైంది. ఇన్నేళ్ల మిగుళ్లలో పనికొచ్చేది ఒక్కటీ లేదు.

పర్వతాలు ఆమె చెవి దగ్గరికి వచ్చి గొణిగాడు. "కొత్తది ఏసిన. గీ పాతది పోయినోడు బిగించింది. ఇది అరిగిందంటే గా పిల్ల మొఖం చిన్నబోదా? ఎవలకైనా గంతే. నీది ఖరాబైందంటే దిగులు పడతరు. నాకు మిగిలిందంటే నవ్వుకుంట పోతరు."

"మరి నల్గొండ ఛాయ్?"

"గది గూడ తాగిన."

బీరమ్మ పక్కకు జరిగి, "సెల్ఫ్ కొట్టు పిల్లా" అంది.

ఒకసారి దగ్గింది, రెండోసారి మూలిగింది. బీరమ్మ కళ్లు మూసుకుంది. మూడోసారి ఇంజన్ అందుకుంది. దొడ్లో గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. పందిరి మీద మొదటి చినుకులు టపటపలాడాయి.

మల్లీశ్వరి ముఖంలో మాత్రం బెదురు పోలేదు. ఇంజన్ మోతలోంచి గట్టిగా అరిచింది. "అక్కా, మరి ఒకటి మిగిలిందంటిరి?"

అందరూ బీరమ్మ వైపు చూశారు. బతుకులో ఏనాడూ లెక్క తప్పని బీరమ్మ, ఆ బోల్టును కొంగున ముడేసుకుని నడుం మీద చెయ్యి పెట్టింది.

"ఒకటి కాదు పిల్లా, రెండు మిగిలినయి! ఈయనకు బిగించుడొచ్చు గని లెక్క రాదు. ఈయన బిగించింది ఎన్నడన్న ఆగిందా? నువ్వు పో!"

మల్లీశ్వరి నవ్వుతూ గేరు వేసింది.