బర్చ్ చెట్టుకు వేపమండలు

మా మామ గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలను ఒక్క మాట కూడా అనకుండా గేటు దగ్గరి నుంచే తిప్పి పంపిన ఘనత నాది. ఎలాగంటారా, ఒక చెట్టుతో.

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే మా మేనమామ కొత్త ఇల్లు కడుతూ, ముందు తోట పని నాకప్పగించాడు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. వేప, కానుగ నా కంటికి ఆనలేదు. చలిదేశాల వాళ్లు ఇళ్ల ముందు పెంచే బర్చ్ చెట్టును వీడియోల్లో చూసి మనసు పారేసుకున్నాను. దాని తెల్లటి బెరడు కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంది. ఎక్కడో కొండ మీది నర్సరీ నుంచి మనిషెత్తు మొక్కను తెప్పించి గేటు పక్కనే నాటాను. మాఘమాసంలో ముహూర్తం. సరిగ్గా వారం ముందు అది ఉన్న ఆకులన్నీ రాల్చేసి, తిరగేసిన చీపురులా నిలబడింది. చలికాలంలో దానికది మామూలేనట. నాకేం తెలుసు?

"ఏందిరా ఇది?" అన్నాడు మామ. "మీ అవ్వ చేత పాలు పొంగించాలని నా ఆశ. పిల్లి ఎదురొస్తే బస్సు దిగి ఇంటికి పోయే మనిషి. గేటుకాడ మోడును చూస్తే లోపలికి అడుగు పెడతాదా?"

"నాకొదిలెయ్ మామా" అన్నాను. నేనీ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు మునిగారు.

ముహూర్తం నాటి పొద్దున మామిడాకులన్నీ తోరణాలకే సరిపోయాయి. వీధి చివర వేపచెట్టు కనబడింది. మండలు విరుచుకొచ్చి, మోడు కనబడకుండా బర్చ్ కొమ్మకొమ్మకూ పురికొసతో కట్టాను. పది అడుగుల దూరం నుంచి చూసుకుని మురిసిపోయాను కూడా.

కాసేపటికి గిద్దలూరు చుట్టాల ఆటో వచ్చింది. గేటు ముందు ఆగింది, వెనక్కి తిరిగింది. వెనకాలే వచ్చిన రెండోదీ అంతే. మామ కంగారుగా ఫోన్ చేస్తే మా పెద్దమ్మ ఎత్తింది.

"ఇంట్లో అమ్మవారు పోసిందని ముందే చెప్పాల్సింది గదా తమ్ముడూ. చంటిబిడ్డను ఎత్తుకొని వచ్చినాము. గేటుకాడ వేపమండలు చూసి మళ్లుకున్నాము."

అమ్మవారు పోసిన ఇంటి ముందు వేపమండలు కడతారని నాకు తెలియక కాదు, ఆ పొద్దు బుర్రకు తట్టలేదు. పైగా ఆ పొరలు లేచిన బెరడు చూస్తే, చెట్టుకే పోసినట్టుంది. మామ ఖాళీ కుర్చీల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన్నలా చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే అర్ధవీడు నుంచి అవ్వ దిగింది. చెట్టును చూసింది. ఆగకుండా, చెప్పులు ఎక్కడివక్కడ విడిచి, గబగబా లోపలికొచ్చేసింది.

"ఎవురికి పోసింది? పిలకాయలకా? భయపడొద్దండి. నాకు చిన్నప్పుడే పోసిపోయింది, నేను చూసుకుంటా."

"ఎవరికీ లేదవ్వా" అని జరిగిందంతా చెప్పాను. "మోడును చూస్తే నువ్వు లోపలికి రావని..."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "బస్సు పోతే ఇంకో బస్సు వస్తాది. కొడుకు ఇల్లు ఎన్నిసార్లు కడతాడురా?"

మామ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అవ్వ చేతి మీదుగా పాలు పొంగాయి. నేను మాత్రం మధ్యాహ్నం దాకా చుట్టాలకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. వచ్చిన ప్రతివాళ్లూ ముందు నా మొహం మీద పొక్కులున్నాయేమో చూసి, తర్వాతే విస్తరి ముందు కూర్చున్నారు.

బర్చ్ ఉగాదికి చిగురించింది, ఎండలు ముదిరేసరికి మాడిపోయింది. అందుచేత సకల చుట్టాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట బోసిగా నిలబడ్డ ఏ చెట్టుకూ ఆకులు కట్టను. మా అవ్వ ఏమనుకుంటుందో, అవ్వనడగకుండా అనుకోను.